మోటార్‌హోమ్ నడుస్తున్నా రెండో బ్యాటరీ ఛార్జ్ కావడం లేదు

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న బీఎస్-6 డీజిల్ మోటార్‌హోమ్‌లో ఫ్రిజ్, లైట్లు, నీటి మోటారు కోసం 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ వేరుగా ఉంది. ఇంజిన్ బ్యాటరీ వోల్టేజీ 13.3 దాటితే రిలే (తనంతట తానే పనిచేసే స్విచ్) రెండింటినీ కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. స్టార్ట్ చేయగానే ఇంజిన్ బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 14.4 చూపిస్తోంది. అయితే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన కాసేపటికే అది 12.6కి పడిపోయి, సీటు కింద రిలే టిక్కుమని విడిపోతోంది; యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రం మళ్లీ కలుస్తోంది. దాంతో శ్రీశైలం చేరేసరికి రెండో బ్యాటరీ 12.1 దగ్గరే ఉండి, అర్ధరాత్రికల్లా ఫ్రిజ్ ఆగిపోతోంది.

ఎర్త్ వైరు కొస గీకి బిగించాను, ఫ్యూజు మార్చాను, మరో రిలే కూడా వేసి చూశాను. ఇంటి కరెంటుతో పెడితే అదే బ్యాటరీ పూర్తిగా నిండుతోంది. ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే పరికరం) మార్చాలని ఒక మెకానిక్ అన్నారు గానీ, ఇంజిన్ బ్యాటరీ ఎన్నడూ దిగిపోలేదు కాబట్టి ఆ మాట నాకు నమ్మశక్యంగా లేదు. ఇంధనం ఆదా కోసం వోల్టేజీని తగ్గించే స్మార్ట్ ఆల్టర్నేటర్ తీరే ఇది అని నా అనుమానం.

ఇటువంటి బండిలో రిలే తీసేసి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ (ఇంజిన్ వైపు వోల్టేజీ తగ్గినా దాన్ని పెంచి రెండో బ్యాటరీని నింపేది) పెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, దాన్ని ఆన్ చేసే సిగ్నల్ వైరును ఇగ్నిషన్ నుంచి తీసుకుంటే సరిపోతుందో లేదో దయచేసి చెప్పగలరా?