తాళం వేసిన ఇల్లు లెక్కలోకి రాదా?

ప్రశ్న (దేవరకొండ పరిశోధకురాలు)

దేవరకొండ దగ్గర ఒక తండాలో పీహెచ్‌డీ కోసం ఇంటింటి సర్వే చేస్తున్నాను. భూమి, అప్పు, పిల్లల చదువు విషయంలో కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఎంత తేడా ఉందన్నది నా అంశం. తండాలో 112 ఇళ్లున్నాయి. ఫిబ్రవరిలో పది రోజులు తిరిగితే 37 ఇళ్లకు తాళాలే కనిపించాయి. ‘అందుబాటులో లేరు’ అని రాసి, ఆ ఇంటికి బదులు పక్కింటిని తీసుకోమని మా గైడ్ అంటున్నారు. అందరూ చేసేది అదేనట. నాకు మనసు ఒప్పడం లేదు.

కారణం చెబుతాను. పీజీ అయ్యాక కొన్నాళ్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, మన్ననూరు వైపు, జంతువుల లెక్కింపులో వాలంటీరుగా పనిచేశాను. తెల్లవారుజామున రెండు కిలోమీటర్ల గీత వెంట చప్పుడు లేకుండా నడవాలి. దుప్పి కనిపిస్తే ఎంత దూరంలో, ఏ కోణంలో ఉంది, మందలో ఎన్ని ఉన్నాయి అన్నవి రాసుకోవాలి. మొదటి రోజు ఒక్కటీ కనిపించలేదు. కాగితం మీద ‘జంతువులు లేవు’ అని రాశాను. మాతో వచ్చిన చెంచు పెద్దాయన కూర్చుని తడి మట్టిలో గిట్టల గుర్తులు చూపించాడు. అంచులు ఇంకా విరగలేదు, ఒక గుంటలోకి అప్పుడే నీరు ఊరుతోంది. “మనల్ని చూసి పోయాయమ్మా. లేవని రాయకు, కనబడలేదని రాయి” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా నోటుపుస్తకం మొదటి పేజీలో ఉంది. దూరం పెరిగేకొద్దీ ఎన్ని జంతువులు మన కంటికి అందకుండా పోతాయో అంచనా కట్టి, వాటినీ లెక్కలో కలుపుతారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు తండాకు వస్తాను. ఆ 37 తాళాలన్నీ ఒక్కలాంటివి కావు. నాలుగు పెద్ద స్లాబు ఇళ్లకు కొత్త ఇత్తడి తాళాలున్నాయి, వాళ్లు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. మిగతావాటికి మేకలు దూరకుండా గడపకు అడ్డంగా తుమ్మకంప పెట్టారు, తాళానికి దుమ్ము పట్టకుండా గుడ్డపేలిక చుట్టారు. ఎదురింటి ముసలమ్మ కొంగుముడిలో ఆరిళ్ల తాళంచెవులున్నాయి. ఎవరు మిరపకాయ ఏరడానికి వెళ్లారో, ఎవరు పుణెలో కట్టడం పనికి వెళ్లారో, ఏ పిల్లలను వెంట తీసుకెళ్లారో అన్నీ ఆమెకు తెలుసు. ఆ ఇళ్లను తీసేస్తే తండాలో అందరూ ఇంచుమించు సమానంగా బతుకుతున్నారని నా పట్టిక చెబుతుంది. అది అబద్ధం.

కనబడని దుప్పికి ఒక గణితం ఉంది కదా, కనబడని మనుషులకు లేదా? ఎవరైనా ఇలా ప్రయత్నించారా?

జవాబు 1 (అమ్రాబాద్ జీవశాస్త్రజ్ఞుడు)

మంచి ప్రశ్న అడిగారు. పులుల విషయంలో జరిగేది ఇదే. దారికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతాం. పులికి కుడివైపు చారలు, ఎడమవైపు చారలు వేరు. రెండూ దొరికితేనే ఫలానా పులి అని గట్టిగా చెప్పగలం. 2022 లెక్కింపులో దేశం మొత్తం మీద విడివిడిగా ఫొటోలకు చిక్కినవి 3,080 పులులు. ప్రకటించిన సగటు అంచనా 3,682. అంటే ఆరు వందల పైచిలుకు పులులు ఒక్క ఫొటోలోనూ లేకపోయినా లెక్కలో ఉన్నాయి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. కోర్ ప్రాంతం, అంటే పులుల కోసమే కేటాయించిన లోపలి అడవి నుంచి స్వచ్ఛందంగా బయటికి వచ్చే కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. 18 నిండిన కొడుకును అందులో వేరే కుటుంబంగా చూస్తారు. పేర్లు రాసుకునే రోజు ఒక యువకుడు కూలికి వెళ్లి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. పులికి ఇచ్చే ఓపిక ఆ అబ్బాయికీ ఇవ్వాలి.

జవాబు 2 (మహబూబ్‌నగర్ స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు)

అమ్మా, మీ బాధ న్యాయమైనదే. కానీ రెండు సమస్యలను కలిపేస్తున్నారు. తాళం వేసిన ఇల్లు మీకు కనబడింది, దాని సమాధానమే దొరకలేదు. దానికి పక్కింటిని బదులు పెడితే తప్పు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఊళ్లో ఉండగలిగినవాడు, ఉండలేక వెళ్లినవాడు ఒకటి కాదు. వాళ్లు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ వెళ్లడమే దీనికి మందు.

అసలు కనబడనివాళ్లు వేరే ఉన్నారు. అన్న ఇంట్లో ఒక మూల బతికే తమ్ముడి కుటుంబం, ఏ నంబరూ లేని గుడిసె. వాళ్ల కోసం అడవి లెక్క పనికొస్తుంది. ఉదాహరణకు ఉపాధి హామీ జాబ్ కార్డుల జాబితాలో 80 కుటుంబాలు, బడి జాబితాలో 60, రెండింటిలోనూ ఉన్నవి 48 అనుకోండి. బడి జాబితాలోని 60లో 48, అంటే ఐదింట నాలుగు వంతులు, జాబ్ కార్డుల్లోనూ ఉన్నాయి. ఊరంతటికీ అదే వంతు అనుకుంటే, 80ని 60తో గుణించి 48తో భాగిస్తే మొత్తం 100. జాబితాల్లో కలిపి దొరికినవి 92 కాబట్టి, ఏ కాగితం మీదా లేనివి సుమారు 8. అయితే ఒక జాబితాకు ఎక్కనివాళ్లు చాలాసార్లు రెండోదానికీ ఎక్కరు. కెమెరాను చూసి తప్పుకునే జంతువులాగే. అందువల్ల ఆ ఎనిమిది అసలు కంటే తక్కువే అయి ఉంటుంది.

మన దేవరకద్ర మండలం డోకూరులో ఇక్రిశాట్ (పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ) వాళ్లు 1975లో అధ్యయనం మొదలుపెట్టినప్పుడు తీసుకున్నవి 40 కుటుంబాలే, వాటిలో పది కూలీ కుటుంబాలు. సర్వే చేసేవాళ్లు ఊళ్లోనే కాపురముండి, కొన్ని వారాలకొకసారి అవే గడపలు ఎక్కేవారు. ఆ సమాచారాన్ని ప్రపంచం ఇప్పటికీ వాడుకుంటోందంటే కారణం అదే. మీ గైడ్ గారికి ఈ సంగతి మర్యాదగా చెప్పి చూడండి.

జవాబు 3 (తండా నుంచి, ప్రస్తుతం హైదరాబాద్)

అక్కా, మా ఇంటికీ అలాగే కంప అడ్డం పెట్టేవాళ్లం. నాలుగో తరగతిలో మూడు నెలలు అమ్మానాన్నలతో ఇటుక బట్టీ దగ్గర ఉన్నాను. తిరిగొచ్చేసరికి హాజరు పట్టీలో నా పేరు కొట్టేసి ఉంది. మీరు శ్రావణంలో రండి. తీజ్ పండుగకు ఎంత దూరాన ఉన్నా వచ్చేస్తారు, ఆడపిల్లల గోధుమ మొలకల బుట్టలు చూడటానికైనా వస్తారు. వచ్చినప్పుడు ఎంత సంపాదించారని ముందే అడగకండి. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, ఇంకా ఎంత తీరాలి అని అడగండి. అసలు తేడా అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. సార్, నేను రెండు సమస్యలు కలిపేసిన మాట నిజమే. ‘అందుబాటులో లేరు’ అన్న గడి తీసేసి, ‘ఎక్కడికి, ఎప్పటి నుంచి, ఎవరితో’ అని మూడు గడులు గీశాను. పక్కింటిని తీసుకోనని గైడ్‌కు చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, శ్రావణం దాకా ఆగితే గడువు దాటుతుందంటున్నారు. ముసలమ్మ ఇచ్చిన నంబర్లలో మూడు కలిశాయి. ఆ మూడు కుటుంబాలూ మాచర్ల దగ్గర ఒకే మిరప చేనులో ఉన్నాయి. ఆదివారం మొదటి బస్సుకు వెళ్తున్నాను. మనవరాలికి ఇవ్వమని ముసలమ్మ ఒక జత గాజులు ఇచ్చింది.