చెరువు బురదలో బండి లాగితే నా క్లచ్ పోయింది. ఖర్చు ఎవరిది?

పాత_థార్_తిరుపతి: నవంబరు వానల తర్వాత ఐదు బండ్లతో చంద్రగిరి దాటి ఒక చెరువులోకి దిగాం. ఒక బొలెరో యాక్సిల్ దాకా కూరుకుపోయింది. తాడు కట్టి లాగింది నేను. బండి బయటికొచ్చింది, నా క్లచ్ మాడిపోయింది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, కూలీ కలిపి 14,200. సగం ఇమ్మంటే "ఎవరి బండి వాళ్లదే" అంటున్నాడు. ఇది న్యాయమా?

కాళహస్తి_జీపు: స్నేహితుల మధ్య బిల్లులేందన్నా.

పుత్తూరు_మెకానిక్: ఫోర్-లో (నాలుగు చక్రాలకూ ఎక్కువ బలం, తక్కువ వేగం ఇచ్చే గేరు) వేశారా లేదా? అది చెప్పండి ముందు. ఫోర్-లోలో ఫస్ట్ గేరేసి క్లచ్ పూర్తిగా వదిలి లాగితే ప్లేటు మీద అంత భారం పడదు. హైలో, అంటే మామూలుగా రోడ్డు మీద నడిపే గేరులో, హాఫ్ క్లచ్ మీద నాలుగైదు సార్లు గుంజితే కొత్త ప్లేటైనా మాడుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. బురద నుంచి వచ్చిన బండ్లలో సగం క్లచ్‌లు చెరువు తిన్నవి కావు, డ్రైవర్ కాలు తిన్నవి.

పాత_థార్_తిరుపతి: ఫోర్-లోనే వేశాను. లివర్ నా చేతులతో వేశాను. మొదటి రెండు సార్లు మాత్రం హైలో లాగాను, చీకటి పడుతోందని తొందర.

పుత్తూరు_మెకానిక్: ఆ రెండు సార్లే చాలు.

బొలెరో_పాకాల: ఆ బండి నాది. నా ఖర్చు కూడా రాసుకోండి. బ్రీదర్ (యాక్సిల్‌కి గాలాడే రంధ్రం) నుంచి నీళ్లు పోయి డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా) ఆయిల్ పాలకాఫీలా తయారైంది. రెండు వీల్ బేరింగులు, ఆల్టర్నేటర్ పోయాయి. రేడియేటర్ రెక్కల్లో మట్టి ఎండి మర్నాడు హీటెక్కింది. మొత్తం 21,000 పైనే. నేనెవరినీ అడగలేదు. ఊళ్లోంచి ట్రాక్టర్ వస్తుంది, ఆగన్నా అన్నాను. ఆగకుండా తాడు కట్టింది తనే.

రేణిగుంట_4x4: ఇంజన్‌లోకి నీళ్లు పోలేదు, అదృష్టం. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేకపోతే మామూలు పాలసీలో ఆ క్లెయిమ్ సాధారణంగా రాదు.

పాత_థార్_తిరుపతి: ట్రాక్టర్ అతనికైతే 2,000 ఇచ్చేవాడివి కదా తమ్ముడూ? నాకు ఇవ్వడానికి చేయి రాదా?

పలమనేరు_రైతుబిడ్డ: చెరువు గట్టు మీద మీ చక్రాలు తవ్విన గాడి సంగతి ఎవరూ ఎత్తలేదు. వాన నీళ్లు ఆ గాడిలో పారితే గట్టు కోసుకుపోతుంది. మా ఊళ్లో అట్లాంటి చోట మట్టి మేమే పోసుకున్నాం.

పుత్తూరు_మెకానిక్: పాత ప్లేటు ఉంటే ఫోటో పెట్టండి. నీలం రంగు తిరిగిందా, రివెట్ల దాకా అరిగిందా చూస్తే తేలిపోతుంది. అరిగి ఉంటే అది ఒక్కరోజు పని కాదు.

బొలెరో_పాకాల: డబ్బు గురించి కాదన్నా ఇది! ఆ రాత్రే పంపేవాణ్ని. ఇంటికెళ్లేసరికి మన గ్రూపులో నా బండి వీడియో, కింద "డ్రైవింగ్ రానివాళ్లు రావద్దు" అని నీ మాట. మా మామ చూశాడు. బండి కొనడానికి అప్పిచ్చింది ఆయనే.

పాత_థార్_తిరుపతి: మరి నువ్వు చేసింది? నీ బండి బయటికి రాగానే నలుగురూ వెళ్లిపోయారు. నా బండి పనపాకం దగ్గర ఆగిపోయింది. కాలిన వాసనలో, రాత్రి పదకొండు దాకా టోయింగ్ బండి కోసం ఒక్కణ్నే నిలబడ్డా. ఒక్క ఫోన్ చేశావా? ఆ కోపంలో పెట్టా వీడియో.

బొలెరో_పాకాల: నువ్వు ఆగిపోయావని నాకు తెలీదన్నా. నువ్వే ముందు వెళ్తున్నావనుకున్నా.

పాత_థార్_తిరుపతి: వీడియో ఇప్పుడే తీసేశాను. సగం బిల్లు మాత్రం నీదే అంటాను.