'మంచి గడ్డ' అంటూనే తల కోయాలంటారేం?

దేవునికడప77:
మా చిన్నమ్మకు ఆర్నెల్లుగా తలనొప్పి, ఎడమ కన్ను మసక. అద్దాలు మారిస్తే సరిపోతుందనుకున్నాం. ఎమ్మారైలో మెనింజియోమా అని వచ్చింది. "క్యాన్సర్ కాదులేమ్మా, మంచి గడ్డే" అన్నారు డాక్టరు. దేవుని కడపకు పోయి కొబ్బరికాయ కొట్టొచ్చాం. వారం తర్వాత ఆయనే పుర్రె తెరిచి తీయాలన్నారు. మంచిదైతే కత్తెందుకు? జనానికి మంచి గడ్డ, చెడ్డ గడ్డ అని చెప్పడమే తప్పంటాను.

బురుజుకాడ:
తప్పేముంది? మా అబ్బ వీపు మీద నిమ్మకాయంత కొవ్వు గడ్డ ముప్పై ఏళ్లుండె. గడ్డ అట్లే ఉంది, ఆయనే ఎనభై దాటినాక గుండెపోటుతో పోయినాడు. పల్లెలో గడ్డ అంటేనే హడలిపోతారు. మంచిదన్న ఒక్క మాటతో రాత్రికి నిద్ర పడుతుంది.

స్లైడు_మనిషి:
కర్నూల్లో పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. గడ్డను రెండు ప్రశ్నలడగాలి: వేరే చోటికి పాకుతుందా, ఉన్న చోట ఏం చేస్తుంది? బినైన్ అనేది ముఖ్యంగా మొదటిదానికి జవాబు. దాన్ని 'మంచిది' అని ఎవరు తెలుగు చేశారో గానీ, కొంప ముంచారు.

మెనింజియోమా మెదడును కప్పే పొరల్లో పుడుతుంది. ఎక్కువ శాతం గ్రేడ్ 1, మెల్లగా పెరిగేవి. కానీ వీపు మీద చర్మం సాగినట్టు పుర్రె సాగదు కదా. కంటి నరాన్ని నొక్కితే చూపే పోతుంది. దవడలో వచ్చే అమిలోబ్లాస్టోమా కూడా బినైన్ లెక్కే. పైపైన గీకి తీస్తే మళ్లీ మొలుస్తుంది, అందుకే చాలాసార్లు చుట్టూ కొంత ఎముకను కూడా కోస్తారు.

తిరగేసి చూడండి. చర్మానికొచ్చే బేసల్ సెల్ కార్సినోమా క్యాన్సరే, కానీ దూరం పాకడం చాలా అరుదు. వదిలేస్తే మాత్రం ముక్కును, రెప్పను తినేస్తుంది. మెదడులో పుట్టే గ్లయోబ్లాస్టోమా గ్రేడ్ 4, వేగంగా పెరిగే రకం. అదీ మెదడు దాటి బయటికి రావడం అరుదే, అయినా ప్రాణం తీస్తుంది. పేర్లనూ నమ్మలేం, అన్నిటి చివరా 'ఓమా'నే: లైపోమా ఉత్త కొవ్వు గడ్డ, మెలనోమా, లింఫోమా క్యాన్సర్లు.

చీనీతోట:
అనంతపురం నుంచి. నా గొడవ 'క్యాన్సర్' అనే మాటతో. మా అక్క థైరాయిడ్ రిపోర్టులో కార్సినోమా, అంటే క్యాన్సర్ అని చూసి ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు. తన చుట్టూ ఉండే పొర, అంటే కవచం దాటని ఒక రకం థైరాయిడ్ కణితికి 2016లో నిపుణులే కార్సినోమా అనే మాట తీసేశారు. దక్షిణ కొరియాలో ఊరందరికీ మెడ స్కాన్లు తీస్తే థైరాయిడ్ క్యాన్సర్ లెక్కలు 1993 నుంచి 2011కి పదిహేను రెట్లయ్యాయి. దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం అట్లే ఉంది. ఆ పేరు పెట్టి ఎంతమంది మెడలు కోయించినట్టు?

స్లైడు_మనిషి:
నిజమే అక్కా. కానీ కవచం దాటలేదని తేలాలంటే గడ్డను తీసి, దాని అంచంతా మైక్రోస్కోపు కింద చూడాలి. సూది పరీక్షతో తేలదు. పేరు మారినా ఆ కోత తప్పలేదు.

బురుజుకాడ:
ఇంత పురాణం ఓపీలో వంద మంది క్యూలో నిలబడితే ఎవరు చెప్తారన్నా? నా మాట మీదే ఉన్నా.

దేవునికడప77:
చిన్నమ్మకు ఇదంతా చదివి వినిపించా. "పాకదు సరే, కూర్చున్న చోటే ఇల్లు కట్టుకుందన్నమాట" అంది. సోమవారం అడ్మిషన్. ఇప్పుడామె టెన్షనంతా గుండు కొట్టిస్తారేమోనని.