ఐసీయూలో మంచం ఎవరికివ్వాలో ఏఐ తేల్చొచ్చా?

కావలి నుంచి:
వెంటిలేటర్ ఒకటే ఖాళీగా ఉంది, పేషెంట్లు ఇద్దరు. బతికే అవకాశం ఎవరికి ఎక్కువో ఏఐ లెక్కగట్టి స్కోరు ఇస్తుంది. డాక్టర్ దాని ప్రకారమే నడుచుకోవాలని నేనంటాను. మనిషి పలుకుబడికి లొంగుతాడు, మిషన్ దగ్గర సిఫారసు ఫోన్లు పనిచెయ్యవు. మీరేమంటారు?

నెల్లూరు, స్టాఫ్ నర్సు:
కొంతవరకు ఒప్పుకుంటాను. నైట్ డ్యూటీలో డాక్టర్ ఒక్కరే, వార్డు నిండా పేషెంట్లు. తెల్లవారుజామున ఎవరి బీపీ పడిపోతోందో, ఎవరి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) తగ్గుతోందో కనిపెట్టడానికి మా కళ్లు చాలవు. ఉదయగిరి వైపు నుంచి ఛాతీ నొప్పితో బయల్దేరినవాళ్లు ఇక్కడికి చేరేసరికే విలువైన టైం పోతుంది. అక్కడి ఈసీజీ చూసి గుండెపోటని మిషన్ హెచ్చరిస్తే, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ డాక్టర్ అక్కడే వేయించొచ్చు. వద్దనేవాళ్లు ఒక్క రాత్రి మా వార్డులో ఉండి చూడండి.

కనిగిరి నుంచి:
సిస్టర్, హెచ్చరికను ఎవరూ కాదనడం లేదు. మంచం ఎవరికన్న తీర్పు దగ్గరే నా అభ్యంతరం. కావలి అన్నా, సిఫారసు లేకుండానే పక్షపాతం లెక్కలోకి దూరుతుంది. ఎవరికి అదనపు వైద్యం కావాలో తేల్చే ఒక అమెరికా సాఫ్ట్‌వేర్ గురించి 2019లో 'సైన్స్' పత్రికలో పరిశోధన వచ్చింది. జబ్బు తీవ్రతను అది వైద్యానికైన ఖర్చుతో కొలిచింది. నల్లజాతివాళ్ల వైద్యానికి ఖర్చు తక్కువ పెట్టేవారు కాబట్టి, జబ్బు అంతే ఉన్నా వాళ్లకు స్కోరు తక్కువ పడింది.

మా వైపు సంగతి చూడండి. ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు మాకు కొత్త కాదు. కూలి పోతుందని, బస్సు చార్జీల్లేవని డయాలసిస్ మానేసే మనిషి ఫైల్ తెరిస్తే ఏముంటుంది? కిడ్నీ పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్టు ఒకటి, ఆర్ఎంపీ రాసిచ్చిన చీటీ ఒకటి. ఏటా చెకప్ చేయించుకునే ఆసామి ఫైల్ మాత్రం ఇంత లావుంటుంది. కాగితం మీద లేనిది మిషన్‌కు తెలీదు. డాక్టరైతే పక్కనున్న భార్యను అడుగుతాడు, "కాళ్లు ఎన్నాళ్ల నుంచి వాస్తున్నాయమ్మా?" అని.

ఇంకోటి. కోలుకోలేని పేషెంటుకు ప్రాణాధార చికిత్స ఆపాలంటే, సుప్రీంకోర్టు 2018 తీర్పు, 2023 సవరణల ప్రకారం రెండు మెడికల్ బోర్డులు చూడాలి, ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. ఇంతమంది బాధ్యత పడాల్సిన ప్రాణం విషయాన్ని ఒక్క స్కోరుకు వదిలేస్తే, రేపు ఆ ఇంటివాళ్లకు జవాబు చెప్పేదెవరు?

ఒంగోలు, మెడికల్ స్టూడెంట్:
హెచ్చరికలనూ గుడ్డిగా నమ్మకూడదు. సెప్సిస్‌ను, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికొచ్చే స్థితిని, ముందే పసిగట్టాల్సిన ఎపిక్ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ మోడల్‌ను అమెరికాలోని మిషిగన్‌లో పరీక్షిస్తే, మూడింట రెండొంతుల కేసులు దానికి దొరకలేదని 2021లో తేలింది. అలారం మాత్రం నూటికి 18 మంది పేషెంట్లకు మోగింది.

నెల్లూరు, స్టాఫ్ నర్సు:
అలారాలు అన్నేసి మోగితే ఏది అసలుదో తెలీదు, నిజమే. అందుకే ఏ వివరాలు చూసి స్కోరు వేసిందో, ఏవి దొరకలేదో స్క్రీన్ మీద కనిపించాలి. డాక్టర్ సరేనన్నా, కాదన్నా కారణం కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టాలి.

కావలి నుంచి:
సంతకం సంగతి ఒప్పుకుంటున్నా. కానీ స్కోరును పక్కనపెట్టి పెద్దవాళ్ల మనిషికే మంచం ఇస్తే?

కనిగిరి నుంచి:
ఆ కాగితం అవతలి పేషెంటు ఇంటివాళ్ల చేతికీ ఇవ్వాలన్నా. అడిగే హక్కు వాళ్లకుండాలి.