జరిమానా పదింతలైనా వెనక సీటులో బెల్టు ఎందుకు పెట్టుకోవడం లేదు?

ప్రశ్న:
మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సీటు బెల్టు పెట్టుకోనివారికి జరిమానా 100 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో వెళ్తుంటాను. నేను చూసినంతలో ముందు కూర్చునేవారికి బెల్టు అలవాటైంది గానీ, వెనక కూర్చునే పెద్దలు, మా అత్తగారితో సహా, దాన్ని ముట్టుకోవడం లేదు. చట్టం అందరికీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? జరిమానా ఇంకా పెంచితే మార్పు వస్తుందా?

జవాబు 1:
జరిమానా ఎంత అన్నదానికంటే పట్టుబడతామన్న నమ్మకమే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. నేను ఉంటున్న నార్త్ కరోలినాలో 1993లో ‘క్లిక్ ఇట్ ఆర్ టికెట్’ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు జరిమానా 25 డాలర్లే. అయినా తనిఖీలు జరుగుతాయని టీవీలో, రేడియోలో ముందే ప్రకటించి, చెప్పినట్టే రోడ్ల మీద పోలీసులను నిలబెట్టడంతో బెల్టు వాడకం 65 శాతం నుంచి 80 శాతం దాటింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో బెల్టు లేదన్న ఒక్క కారణంతో కారు ఆపే అధికారం పోలీసులకు ఉండదు, వేరే తప్పుకు ఆపినప్పుడే ఈ జరిమానా కూడా వేయగలరు. అలాంటి రాష్ట్రాలు నేరుగా ఆపే అధికారం ఇచ్చాక అక్కడా వాడకం పెరిగింది.

జవాబు 2:
మన దగ్గర కెమెరాకు ముందు అద్దంలోంచి కనిపించేది ముందు సీట్లే కాబట్టి, చలానా భయం కూడా అక్కడితోనే ఆగిపోతోంది. నిజానికి 194బి సెక్షన్ ప్రకారం ప్రయాణికులు బెల్టు పెట్టుకోకపోయినా డ్రైవరే బాధ్యుడు. ఈ సంగతి తెలిసినవారు తక్కువ. కేంద్రం లెక్కల ప్రకారం 2022లో బెల్టు లేక మరణించిన 16,715 మందిలో దాదాపు సగం, అంటే 8,331 మంది, ప్రయాణికులే. అదే ఏడాది సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో వెనక సీటులో ఉన్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కన్నుమూసినప్పుడు కొన్నాళ్లు తనిఖీల గురించి గట్టిగా మాట్లాడుకున్నాం. బెల్టు పెట్టుకోకుండానే అలారం నోరు మూయించే క్లిప్పులను ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తొలగించాలని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఆదేశించింది. అమలు అంటే చలానా ఒక్కటే కాదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మీ జవాబులు చదివాక వెళ్లి చూస్తే, మా కారులో వెనక బకిల్స్ కొత్తగా కుట్టించిన సీటు కవర్ల కింద కూరుకుపోయి ఉన్నాయి. మా అత్తగారు పెట్టుకోవాలనుకున్నా ఇన్నాళ్లూ ఆమెకు వీలుండేది కాదు. ఆదివారం ప్రయాణానికి ముందే ఆ కవర్లు తీసేస్తున్నాను.