వాస్తుశిల్పి అని బోర్డు పెడితే ఈశాన్యం ఎటో చెప్పమంటున్నారు

మా మేనకోడలు ఆర్కిటెక్ట్. ఐదేళ్ళు బి.ఆర్క్ చదివి, మద్రాసులో మూడేళ్ళు ఒకరి దగ్గర పనిచేసి, పోయిన నెల నెల్లూరు దర్గామిట్టలో సొంతంగా చిన్న ఆఫీసు తెరిచింది. బోర్డు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది నేనే, తెలుగు అయ్యవారుగా రిటైరైన వాడికి ఆ మాత్రం పిచ్చి ఉంటుంది కదా. నిఘంటువులు చెప్పే మాటే, పేపర్లు రాసే మాటే అని "వాస్తుశిల్పి" అని రాయించాను. మొదటి వారం తొమ్మిది మంది వచ్చారు. అందులో ఏడుగురు వంటిల్లు ఆగ్నేయంలో లేదు పగలగొట్టాలా, బోరు ఎక్కడ వేయాలి, వీధిపోటుకి ఏం చేయాలి, ఇవే. ఒకాయన అయితే తాంబూలంలో దక్షిణ పెట్టి చేతికివ్వబోయాడు. పిల్ల తీసుకోలేదు, కాఫీ ఇచ్చి పంపింది. సాయంత్రం వచ్చి నన్ను పట్టుకుంది: "మామయ్యా, నేను చేసే పనికి తెలుగులో మాట ఉందా లేదా?"

వాస్తు అనే మాటకి మొదట దిక్కులతో పని లేదు. 'వస్' అంటే ఉండు, నివసించు. ఉండే చోటు వాస్తు. వసతి, వాసం, నివాసం అన్నీ ఆ ఇంటి పిల్లలే. పెళ్ళిపత్రికల్లో "నెల్లూరు వాస్తవ్యులు" అని వేస్తామే, అదీ అంతే. అలాంటి మాట ఇప్పుడు ఈశాన్యం మూలకి ఇరుక్కుపోయింది. ఆర్కిటెక్ట్‌కి మీ వైపు జనం నోట్లో ఏ మాట నలుగుతోందో చెప్పండి. నిఘంటువు మాట వద్దు, అది నా దగ్గరే ఉంది.

పెన్నగట్టు: నిర్మాత అని పెట్టండి అయ్యవారూ, సినిమా కథలు పట్టుకుని వస్తారు, అదో కాలక్షేపం. జోక్ పక్కన పెడితే నిజంగా అంతే జరిగింది. కట్టేవాడు నిర్మాత కావాలి, ఆ మాటని సినిమావాళ్ళు పట్టుకెళ్ళారు. శిల్పి అంటే విగ్రహాలు చెక్కేవాడు. విచిత్రం ఏందంటే ఇల్లు తప్ప ఇంకేది కట్టినా తెలుగులో మాట సిద్ధంగా ఉంటుంది. అంబేద్కర్ గారు రాజ్యాంగ నిర్మాత, ఎవరో ఒకరు ఆర్థిక సంస్కరణల రూపశిల్పి, ఎన్నికలయ్యాక ఇంకొకరు విజయానికి రూపశిల్పి. గోడా కప్పూ ఉండే నిజమైన ఇల్లు గీసినవాడికి మాత్రం ఏమీ మిగల్లేదు. మా వీధిలో అయితే "ప్లాను గీసే ఇంజనీరు" అంటారు, లేకపోతే "మున్సిపాలిటీలో ప్లాను పాస్ చేయించే ఆయన".

ఒంగోలు నుంచి: స్థపతి ఉండగా వెతుకులాట ఎందుకండీ? మయమతం అనే పాత వాస్తు గ్రంథంలో పని చేసేవాళ్ళు నలుగురు: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. మొత్తం పని స్థపతి చేతిలో ఉంటుంది. సూత్రగ్రాహి అతని కొడుకో శిష్యుడో అయ్యుంటాడు, దారం పట్టి కొలతలు చూస్తాడు. తక్షకుడు కోస్తాడు, చెక్కుతాడు. వర్ధకి వాటిని జతచేసి నిలబెడతాడు. ఇంతకన్నా స్పష్టంగా ఆఫీసు పని విభజన ఎవరు రాస్తారు?

మనకి తెలిసిన కాలంలోనే వి. గణపతి స్థపతి గారు ఉన్నారు. 1927లో కారైకుడి దగ్గర పిళ్ళయార్‌పట్టిలో స్థపతుల ఇంట్లో పుట్టారు. లెక్కలు చదువుకున్నారు, మహాబలిపురంలో ప్రభుత్వ శిల్ప కళాశాలని ఏళ్ళ తరబడి నడిపారు. కన్యాకుమారిలో సముద్రం మధ్య బండ మీద నిలబడ్డ తిరువళ్ళువర్ ఆయన చేసిందే, 2000 జనవరి 1న ఆవిష్కరించారు. మొత్తం 133 అడుగులు, తిరుక్కురళ్‌లో 133 అధ్యాయాలు కాబట్టి. అందులో పీఠం 38 అడుగులు, ధర్మం గురించిన అధ్యాయాలు 38. విగ్రహం 95, మిగిలిన అర్థకామాల లెక్క. పుస్తకం విషయసూచికని రాతిలో కొలతగా మార్చారన్నమాట. 2009లో పద్మభూషణ్, 2011లో పోయారు. స్థపతి అనే మాట ఆయన పేరులో భాగమైపోయింది. మీ అమ్మాయి ఎందుకు పెట్టుకోకూడదు?

పోస్టు పెట్టినవాడు: పెట్టుకోవచ్చు సార్, కానీ దర్గామిట్టలో స్థపతి అని బోర్డు కడితే ఈసారి ధ్వజస్తంభం ప్రతిష్ఠకి పిలుస్తారు. వచ్చినవాళ్ళకి కావలసింది రెండు పడక గదులూ, స్కూటరు పెట్టుకునే చోటూ. వాస్తు అనే మాట సిద్ధాంతిగారి చేతిలో పడ్డట్టే స్థపతి అనే మాట గుడిలో పడింది. మాట బతికే ఉంది, మన ఇంటికి మాత్రం రాదు.

మీరు చెప్పిన నలుగురిలో తక్షకుణ్ణి ఒకసారి చూడండి. ఆర్కిటెక్ట్ గ్రీకు మాట. 'ఆర్కి' అంటే పెద్ద, 'టెక్టోన్' అంటే వడ్రంగి. ఆ టెక్టోనూ మన తక్షుడూ ఒకే పాత ధాతువు నుంచి దిగినవాళ్ళని భాషాశాస్త్రం చెబుతుంది. అమరకోశంలో "తక్షా తు వర్ధకిస్త్వష్టా" అని వడ్రంగి పేర్లు వరసపెడతాడు, అక్కడున్నవాడే. అంటే ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఆర్కిటెక్ట్ గారి పేరుకి అర్థం పెద్ద వడ్రంగి! ఇది మా పిల్లకి చెబితే తెగ సంబరపడింది, వాళ్ళ కాలేజీలో ఐదేళ్ళలో ఒక్కసారీ రంపం పట్టనివ్వలేదట.

మార్కాపురం పలక: మా నాయన తాపీ మేస్త్రి. ఈ చర్చలో ఆ మాట ఇంకా రాలేదేంది అని చూస్తన్నా. మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ఇళ్ళన్నీ ఆయనే కట్టాడు, ఒక్కదానికీ కాగితం మీద ప్లాను లేదు. ఇంటాయనతో కలిసి ఖాళీ స్థలంలో నిలబడి, ముగ్గు చేతికి తీసుకుని నేల మీదే గీసేవాడు. ఇది వసారా, ఇది నడవ, ఇక్కడ గూడు, అక్కడ అటక. ఇంటామె వచ్చి పొయ్యి మీదకి గాలి కొడతది అంటే కాలితో చెరిపేసి మళ్ళీ గీసేవాడు. తూకు గుండు, మూలమట్టం, రసమట్టం, ఈ మూడూ ఉన్న సంచీని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. రసమట్టం అంటే స్పిరిట్ లెవెల్, ఎంత మంచి మాటో చూడండి, ఇంగ్లీషు వాడకుండా పిల్లోడికి కూడా అర్థమవుద్ది. ఇంత చేసీ ఆయన్ని ఎవరూ గారు అని పిలవలా. ప్లాను మీద సంతకం పెట్టి పోయే ఇంజనీరు "గారు", ఎండలో నిలబడి కట్టించేవాడు "ఏం మేస్త్రీ".

పెన్నగట్టు: తమ్ముడూ, మేస్త్రి మన మాట కూడా కాదు తెలుసా, పోర్చుగీసువాళ్ళ 'మెస్త్రె'. ఓడల్లో వచ్చింది. బళ్ళో మాస్టారు ఇంగ్లీషు దారిలో వచ్చాడు, ఇద్దరూ లాటిన్‌లో 'మగిస్తెర్' దగ్గర అన్నదమ్ములు. కాబట్టి మీ నాయనా, ఈ అయ్యవారూ ఒకటే కులం, ఒకటే హోదా!

పోస్టు పెట్టినవాడు: ఒప్పుకుంటున్నా, నా చేతిలో బెత్తం, ఆయన చేతిలో తాపీ, అంతే తేడా. బాబూ, నువ్వు మీ నాయన గురించి రాసింది మా పిల్లకి చదివి వినిపించాను. వింటూనే లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ పేరెత్తింది. నాకు ఆ పేరు తప్ప ఏమీ తెలియదు, రాత్రంతా కూర్చుని చెప్పించుకున్నాను.

1917లో ఇంగ్లండ్ బర్మింగ్‌హాంలో పుట్టాడు, అక్కడే ఆర్కిటెక్చర్ చదివాడు. యుద్ధం వచ్చింది, యుద్ధం వద్దనే క్వేకరు క్రైస్తవ శాఖ వాడు కాబట్టి తుపాకీ పట్టనని అంబులెన్సు దళంలో చైనా వెళ్ళి రోగులకి సేవ చేశాడు. తిరిగి వెళ్తూ ఓడ కోసం బొంబాయిలో నెలల తరబడి ఆగాల్సివచ్చింది. అక్కడ గాంధీగారి సభకి వెళితే, ఈయన కాళ్ళకున్న గుడ్డ చెప్పులు చూసి గాంధీగారు పలకరించారట. ఇల్లు కట్టే సరుకంతా అయిదు మైళ్ళలోపు దొరికేదే అయి ఉండాలని గాంధీగారు చెప్పిన మాట ఆయన వదల్లేదు. 1945లో కుష్ఠు ఆసుపత్రులు కట్టే పని మీద మళ్ళీ ఇండియా వచ్చాడు. కేరళ డాక్టరమ్మ ఎలిజబెత్‌ని 1948లో పెళ్ళాడి, ఇద్దరూ పిథోరాగఢ్ కొండల్లో పదహారేళ్ళు ఉండిపోయారు. ఆవిడ వైద్యం, ఈయన కట్టుబడి. కాలేజీలో నేర్చుకున్నది అక్కడ పనికి రాలేదు. రాయి, మట్టి, పేడ, కొండమేస్త్రీలు ఏం చేస్తారో చూసి నేర్చుకున్నాడు. తరవాత తిరువనంతపురం, పేరొచ్చింది అక్కడే. కాంట్రాక్టరుని పెట్టుకోడు, మేస్త్రీల పక్కన నిలబడి తానే కట్టిస్తాడు. బొమ్మ పాత కవరు వెనకైనా గీసేస్తాడు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతాడు, ఇటుకా మిగులుతుంది, లోపలికి వేడీ దిగదు. శ్లాబులో కింది భాగం కాంక్రీటు బరువు మోయదు కాబట్టి అక్కడ పాత పెంకులు పేరుస్తాడు, సిమెంటు మిగులుతుంది. చెట్టు అడ్డమొస్తే గోడ వంకర తిప్పుతాడు, చెట్టు కొట్టడు. 1990లో పద్మశ్రీ ఇచ్చారు. 2007లో తొంభై ఏళ్ళు నిండాక ఆ ఊళ్ళోనే పోయాడు.

ఇదంతా చెప్పి మా పిల్ల అన్నది ఇదీ: "ఆయన్ని ఏమనాలి మామయ్యా? చదువు ఆర్కిటెక్ట్‌ది, రోజూ నిలబడ్డది మేస్త్రి పక్కన." నాకు జవాబు రాలేదు.

ఒంగోలు నుంచి: సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి ముగ్గురూ ఒక్కడే అయ్యాడు. నా స్థపతిని వెనక్కి తీసుకోను గానీ, పట్టుబట్టను.

కావలి: ఒక చిన్న మాట. అంకణం అంటే దూలానికీ దూలానికీ మధ్య జాగా. మా పాత మద్రాసు మిద్దె మూడంకణాల ఇల్లు, దంతెల (సన్న దూలాల) మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో వేసిన కప్పు, మే నెలలో కూడా మధ్యాహ్నం నిద్ర పట్టేది. ఇప్పుడు ఆ మాటకి ఇల్లు పోయింది, నెల్లూరులో ఖాళీ ప్లాట్లని అంకణాల్లో కొలిచి, అంకణం ఇంత అని అమ్ముకుంటున్నారు. వాస్తు సిద్ధాంతికి, నిర్మాత సినిమాకి, అంకణం రియల్ ఎస్టేటుకి. ఇల్లు కట్టేవాళ్ళ మాటలన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు!

పోస్టు పెట్టినవాడు: మాదీ కందుకూరు పక్క. 1970లో మమ్మల్ని నెల్లూరు జిల్లా నుంచి విడదీశారు, 2022లో మళ్ళీ కలిపారు, ఊరు మాత్రం కదల్లేదు. మాటలూ అట్లాగే జిల్లాలు మారుతుంటాయేమో.

బోర్డు సంగతి చెప్పేస్తాను. 1972 చట్టం ప్రకారం ఆర్కిటెక్ట్ అనే పేరు ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదైనవాళ్ళే పెట్టుకోవాలి, అంత కష్టపడి తెచ్చుకున్నది ఎందుకు వదలాలి అంటుంది పిల్ల. నేనూ తగ్గాను. పైన ఆమె పేరు, కింద "ఆర్కిటెక్ట్", దాని కింద "ఇంటి ప్లాను, కట్టుబడి" అని తేల్చాం. కట్టుబడి నా పంతం, రాతి కట్టుబడి, కట్టుబడి కూలీ అని మేస్త్రీలు రోజూ అనే మాటే. నిన్న పెయింటరు వచ్చాడు. 'క్ట్' దగ్గర ట వత్తు, పొల్లు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తుంటే, ఆయన బ్రష్ పట్టుకుని నిలబడి అడిగాడు: "సరే గానీ అయ్యవారూ, మా ఇంటికి బోరు ఎటు వేయమంటుంది అమ్మాయి?"