ఎనిమిది నెలల్లో రిటైర్మెంట్, మార్కెట్ పడుతోంది: అమ్మేయాలా, ఆగాలా?

గట్టుమీద_60 (ప్రశ్న):

లెక్క సులువుగా ఉండటానికి మొత్తం పొదుపును 100 భాగాలు అనుకుందాం. ఇవాళ్టి విలువల ప్రకారం ఈక్విటీ ఇండెక్స్ ఫండ్లలో (షేర్ల సూచీని అనుసరించే ఫండ్లు) 62, దీర్ఘకాలిక బాండ్ ఫండ్‌లో 24, డిపాజిట్లలో 14 ఉన్నాయి. ఇంటి ఖర్చు ఏడాదికి 6 భాగాలు. అందులో 2 పెన్షన్‌గా వస్తాయి. ఆ పెన్షన్ ధరలతో పాటు పెరగదు. మిగతా 4 పొదుపులోంచి తీసుకోవాలి.

మూడు నెలల్లో ఈక్విటీ 18 శాతం పడింది. బాండ్ ఫండ్ కూడా 4 శాతం తగ్గింది. మూడు సందేహాలు. ఇప్పుడు అంతా అమ్మి డిపాజిట్లలో వేసి, పరిస్థితి కుదుటపడ్డాక మళ్లీ కొనుక్కుంటే తప్పేంటి? బాండ్లు క్షేమం అంటారు కదా, అవెందుకు పడ్డాయి? రిటైరయ్యాక నెలనెలా ఈక్విటీ ఫండ్ నుంచి ఆటోమేటిగ్గా డబ్బు వచ్చేలా ఎస్‌డబ్ల్యూపీ (సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్) పెట్టాలనుకుంటున్నాను, సరేనా?

లెక్కలపుస్తకం:

మూడో సందేహంతో మొదలుపెడతాను, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈక్విటీ ఫండ్ మీద ఎస్‌డబ్ల్యూపీ పెడితే మార్కెట్ ఎలా ఉన్నా అది అమ్ముకుంటూ పోతుంది. ధర 30 శాతం పడితే అదే మొత్తం రావడానికి 43 శాతం ఎక్కువ యూనిట్లు అమ్మాలి. రేపు మార్కెట్ లేచినా, అమ్మేసిన యూనిట్లు తిరిగి రావు.

చిన్న లెక్క చూడండి. నాలుగేళ్ల రాబడులు వరసగా మైనస్ 20, మైనస్ 10, ప్లస్ 15, ప్లస్ 25 శాతం అనుకోండి. డబ్బు తీయకపోతే 100 కాస్తా 103.5 అవుతుంది. వరస తిరగేసినా అంతే. కానీ ప్రతి ఏడాది మొదట్లో 5 తీస్తే, పడ్డ ఏళ్లు ముందొస్తే చివరికి 78.4 మిగులుతుంది, లేచిన ఏళ్లు ముందొస్తే 86.6. రాబడులు అవే, తీసిన మొత్తమూ అదే. తేడా అంతా వరసలోనే. అందుకే రిటైర్మెంట్‌కి ముందు రెండు మూడేళ్లు, తర్వాత అయిదారేళ్లు అన్నిటికన్నా నాజూకు కాలం. ఆ కాలంలో పడ్డ ఈక్విటీని అమ్మాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే మీ పని. మార్కెట్ ఎటు పోతుందో ఊహించడం కాదు.

ఆ పని మీరు తెలియకుండానే సగం చేసేశారు. శాతాలు పక్కనపెట్టి ఏళ్లలో లెక్కేయండి. ఏటా ధరలు 5 శాతం పెరుగుతాయనుకుంటే మీరు తీయాల్సింది మొదటి ఏడాది 4, రెండో ఏడాది 4.3, మూడో ఏడాది 4.6. మొత్తం 12.9. డిపాజిట్లలో ఉన్న 14 మూడేళ్లు దాటి వస్తుంది. బాండ్లు కూడా కలిపితే 38. వడ్డీ అసలు రాకపోయినా అది ఏడున్నరేళ్ల తిండి. ఈక్విటీలోంచి ఒక్క యూనిట్ కూడా అమ్మకుండా అన్నాళ్లు నడవగలిగినవాళ్లు ఇవాళ కంగారుపడాల్సిన పనిలేదు.

పై లెక్కలో ఒకటి గమనించారా? ఖర్చు 5 శాతం పెరిగితే మీరు తీసేది 4 నుంచి 4.3కి, అంటే 7.5 శాతం పెరిగింది. పెన్షన్ కదలదు కాబట్టి ధరల పెరుగుదల బరువంతా పొదుపు మీదే పడుతుంది. 14 ఏళ్లకి ఖర్చు దాదాపు 12 అవుతుంది, పెన్షన్ 2 దగ్గరే ఉంటుంది, పొదుపులోంచి దాదాపు 10 తీయాలి. ఖర్చు రెట్టింపే, తీసే మొత్తం మాత్రం రెండున్నర రెట్లు. స్థిర పెన్షన్ ఉన్నవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే.

అంతా డిపాజిట్లలో వేస్తే ఏమవుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. వడ్డీ 5 శాతం, ద్రవ్యోల్బణం 5 శాతం, పన్ను లేదు అనుకున్నా ఆ 100 భాగాలు దాదాపు 21 ఏళ్లకి సున్నా అవుతాయి. పన్ను కోసుకుంటే ఇంకా ముందే. 60 ఏళ్లకి రిటైరైతే 81 దగ్గర ఖాళీ. భార్యాభర్తల్లో ఒకరైనా అంతకుమించి బతికే అవకాశం బాగానే ఉంటుంది.

నిదానపు_నడక:

పైవారి లెక్కతో ఏకీభవిస్తూ, మొదటి సందేహం గురించి.

‘కుదుటపడ్డాక కొంటాను’ అనే పథకం గెలవాలంటే రెండుసార్లు సరైన రోజు పట్టుకోవాలి, బయటికి వచ్చే రోజు, లోపలికి వెళ్లే రోజు. మొదటిది ఎలాగోలా కుదిరినా రెండోది దాదాపు ఎవరివల్లా కాదు. వార్తలు బాగుపడేలోపే మార్కెట్ లేచిపోతుంది. అమెరికా మార్కెట్ 2009 మార్చిలో అడుగు తాకింది. అక్కడ నిరుద్యోగం గరిష్ఠంగా 10 శాతానికి చేరింది మాత్రం అదే ఏడాది అక్టోబరులో. ఉద్యోగాల పరిస్థితి మెరుగుపడేదాకా ఆగినవాళ్లకి లేచిన భాగం పోయింది. 2020లో ఎస్&పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు దాదాపు 34 శాతం పడి, ఆగస్టుకల్లా పాత గరిష్ఠాన్ని అందుకుంది. ఆ మధ్యకాలంలో ‘కుదుటపడింది’ అని ఎవరూ అనలేదు.

అలాగని ‘ఎప్పటికైనా లేస్తుంది’ అని గుడ్డిగా కూర్చోమనీ చెప్పను. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు చివర తాకిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్లు! మీ 62 భాగాలూ ఒకే దేశపు సూచీలో ఉంటే, ఇప్పుడు చూసుకోవాల్సింది అమ్మాలా వద్దా అన్నది కాదు, ఆ ఒక్క బుట్ట సంగతి. కొంత భాగాన్ని ఇతర దేశాల సూచీ ఫండ్‌లోకి మార్చడం భయపడి అమ్మడం కిందికి రాదు. పడ్డ ఈక్విటీని అమ్మి పడ్డ ఈక్విటీనే కొంటున్నారు. పన్ను, ఎగ్జిట్ లోడ్ (ఫండ్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు కోసుకునే రుసుము) ఎంత పడుతుందో మాత్రం ముందు చూసుకోండి.

ఇంకో మాట, కొంచెం కటువుగా. ఈక్విటీ 18 శాతం పడి 62 అయిందంటే మూడు నెలల కిందట అది 75.6. అప్పుడు మొత్తంలో దాని వాటా 66 శాతం దగ్గర. రిటైర్మెంట్‌కి ఏడాది కూడా లేనప్పుడు అంత వాటా ఎవరు నిర్ణయించారు? బహుశా ఎవరూ కాదు, పెరుగుతూ పోయింది, వదిలేశారు. చాలామంది విషయంలో పొరపాటు జరిగేది మార్కెట్ పడ్డ రోజు కాదు, లేస్తున్నప్పుడు సర్దుకోని రోజుల్లో.

అందుకని ఒక లక్ష్యం కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకి ఈక్విటీ 60, మిగతాది 40. అటూ ఇటూ 5 వరకు కదలనివ్వండి. 65 దాటితే అమ్మి డిపాజిట్లు నింపండి, 55 కిందికి వస్తే బాండ్లలోంచి కొంత ఇటు వేయండి. ఇప్పుడు మీ వాటా 62. అంటే ఈ నియమం ప్రకారం ఇవాళ చేయాల్సింది ఏమీ లేదు.

కూపన్_రేటు:

బాండ్ల ప్రశ్న అలాగే మిగిలిపోయింది. వడ్డీ రేట్లు పెరిగితే పాత బాండ్ల ధర పడుతుంది. తక్కువ వడ్డీ ఇచ్చే పాత కాగితాన్ని పాత ధరకి ఎవరూ కొనరు కదా. ఎంత పడుతుందో చెప్పేది డ్యూరేషన్ అనే అంకె, ఫండ్ నెలవారీ ఫ్యాక్ట్‌షీట్‌లో ఉంటుంది. ఆ అంకె (మోడిఫైడ్ డ్యూరేషన్ అని రాస్తారు) 8 అయితే, రేట్లు 1 శాతం పెరిగినప్పుడు ఫండ్ సుమారు 8 శాతం పడుతుంది. మీ ఫండ్ 4 శాతం పడటానికి అర శాతం పెరుగుదల చాలు.

2022లో జరిగింది అదే. ఏడాది మొదట్లో అమెరికా కేంద్ర బ్యాంకు రేటు సున్నా దగ్గర ఉంది, చివరికి 4.25–4.5కి చేరింది. ఎస్&పీ 500 డివిడెండ్లు (కంపెనీలు లాభంలోంచి పంచే డబ్బు) కలిపి కూడా 18 శాతం పడింది, అక్కడి విస్తృత బాండ్ సూచీ 13 శాతం పడింది. షేర్లు పడితే బాండ్లు ఆదుకుంటాయన్న నమ్మకం ద్రవ్యోల్బణం పెరిగే ఏళ్లలో పనిచేయదు.

కాబట్టి డబ్బు ఎప్పుడు కావాలో డ్యూరేషన్ ఆ దగ్గర్లో ఉండాలి. మీ లెక్క ప్రకారం బాండ్ డబ్బు వాడేది నాలుగో ఏడాది నుంచి ఏడో ఏడాది దాకా. అందుకు డ్యూరేషన్ 3 నుంచి 5 మధ్య ఉన్న ఫండ్ సరిపోతుంది. ఫ్యాక్ట్‌షీట్‌లోనే క్రెడిట్ రేటింగ్ (ఇచ్చిన అప్పు తిరిగి వచ్చే భరోసా ఎంతో చెప్పే గుర్తు) కూడా చూడండి. అర శాతం ఎక్కువ రాబడికి ఆశపడి తక్కువ రేటింగ్ బాండ్లున్న ఫండ్ తీసుకుంటే, ఆర్థిక మాంద్యంలో అది కూడా ఈక్విటీతో పాటే పడుతుంది.

గట్టుమీద_60:

ఫ్యాక్ట్‌షీట్ చూశాను, డ్యూరేషన్ 8.4. ఇంకో రెండు అడుగుతాను. డివిడెండ్ బాగా ఇచ్చే షేర్లు మాత్రమే ఉంచుకుని అసలు మొత్తాన్ని ముట్టకుండా బతకొచ్చా? మార్కెట్ నాలుగైదేళ్లు లేవకపోతే ఏం చేయాలి?

లెక్కలపుస్తకం:

డివిడెండ్ పైనుంచి ఊడిపడదు. ఇచ్చిన రోజు షేరు ధర దాదాపు అంతే తగ్గుతుంది. పైగా గడ్డుకాలంలో కంపెనీలు ముందు కోసేది దాన్నే. 2008–09లో ఎన్నో బ్యాంకులు కోసేశాయి. ఆదాయం కోసం పోయి నాలుగు రంగాలకే పరిమితం కావడం తప్ప ఒరిగేది లేదు.

నాలుగైదేళ్లు లేవకపోతే ఖర్చు తగ్గించుకోవాలి, అది కూడా ముందే రాసుకున్న కొలత ప్రకారం. రిటైరయ్యాక ఏటా ఎంత తీయొచ్చో అధ్యయనం చేసిన గైటన్, క్లింగర్ 2006లో ప్రతిపాదించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. మొదటి ఏడాది మీరు తీసేది నిధిలో 4 శాతం. ఏ ఏడాదైనా ఆ నిష్పత్తి అయిదో వంతు పెరిగి 4.8 దాటితే, ఆ ఏడాది తీసే మొత్తం పది శాతం తగ్గించాలి. 3.2 కిందికి దిగితే పది శాతం పెంచుకోవచ్చు. మీకు రెండో ఏడాది తీయాల్సింది 4.3. అప్పటికి నిధి 89.6 కన్నా తక్కువుంటే 3.87 మాత్రమే తీస్తారు. పెన్షన్ కూడా కలిపి చూస్తే ఇంటి ఖర్చులో కోత 7 శాతం లోపే. మీ పెన్షన్ స్థిరం కాబట్టి ఈ గీత మీకు తరచుగానే తగలొచ్చు. ఖర్చుల్లో ఏది ఆపగలరో ఇప్పుడే గుర్తు పెట్టుకుంటే మంచిది.

అన్నట్టు, మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసి, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోవచ్చన్న లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. అది 1994లో ఆర్థిక సలహాదారు బెంగెన్ అమెరికా గణాంకాల మీద, 30 ఏళ్ల కాలానికి వేసింది. ఫండ్ ఛార్జీలు అందులో లేవు. మీ ఫండ్లు ఏటా 1 శాతం ఛార్జీ తీసుకుంటుంటే మీరు 4 తింటున్నప్పుడు వాళ్లు 1 తింటున్నట్టు. మార్కెట్ మీ చేతిలో లేదు, ఇది ఉంది.

నిదానపు_నడక:

ఈ ఎనిమిది నెలల్లో చేయాల్సిన పనులు చెబుతాను.

నెలనెలా పెట్టే పొదుపు ఆపకండి. కానీ ఈక్విటీలోకి కాకుండా డిపాజిట్లలోకి మళ్లించండి. ఏదీ అమ్మకుండానే వాటా లక్ష్యం వైపు జరుగుతుంది.

డిపాజిట్ల 14ని ఒకే ముక్కగా ఉంచొద్దు. 4 పొదుపు ఖాతాలో లేదా చిన్న డిపాజిట్లలో, 4.3 ఏడాది తర్వాత మెచ్యూర్ అయ్యేలా, 4.6 రెండేళ్ల తర్వాత. మిగిలే 1.1 ఆసుపత్రి లాంటి అవసరాలకి విడిగా. పెద్ద డిపాజిట్ ఒక్కటే ఉంటే, చిన్న అవసరానికి కూడా మొత్తం విరగ్గొట్టి వడ్డీ కోల్పోవాల్సి వస్తుంది. డిపాజిట్ బీమాకి ఒక్కో బ్యాంకులో పరిమితి ఉంటుంది, కాబట్టి ఒకటికి మించి బ్యాంకుల్లో పెట్టండి.

బాండ్ ఫండ్‌ను తక్కువ డ్యూరేషన్ ఫండ్‌లోకి మార్చడం ఒక్కసారి కాకుండా రెండు మూడు విడతల్లో చేయొచ్చు. పడ్డాక మార్చడం నష్టమనిపిస్తుంది, కానీ రేట్లు ఇంకా పెరిగితే 8.4 ఇంకా గట్టిగా కొడుతుంది. తగ్గితే ఆ మేరకు లాభం వదులుకున్నట్టే, అది నాలుగో ఏడాది నుంచే కావాల్సిన డబ్బు కాబట్టి ఆ బేరం సరైనదే.

నింపే నియమం కూడా రాసుకోండి, ఎస్‌డబ్ల్యూపీ బదులు. ఏటా ఒకే తేదీన చూసి, ఈక్విటీ లక్ష్యం కన్నా ఎక్కువుంటే రాబోయే ఖర్చు దాన్నుంచి. తక్కువుంటే బాండ్ల నుంచి. రెండూ పడి ఉంటే ఆ ఏడాది ఏదీ అమ్మకుండా డిపాజిట్లే తినండి. డిపాజిట్లు ఏడాది ఖర్చు కన్నా తగ్గితే మాత్రం బాండ్లు ఏ ధరలో ఉన్నా అమ్మి నింపాల్సిందే. చాలామంది డబ్బుని ఇలా డిపాజిట్లు, బాండ్లు, ఈక్విటీ అని డబ్బాలుగా విడగొట్టుకుంటారు కానీ ఈ నింపే నియమం రాసుకోరు. మూడేళ్లకి డిపాజిట్లు అయిపోయి, సరిగ్గా అప్పుడే పడ్డ ఈక్విటీని అమ్ముతారు.

తేదీని జీవిత భాగస్వామికి కూడా తెలిసేలా క్యాలెండర్‌లో పెట్టండి. మధ్యలో వాటా 5 దాటి కదిలిందా అని చూడటానికి ఆరు నెలలకోసారి చాలు. ఫోన్‌లో రోజువారీ విలువ చూపించే నోటిఫికేషన్ ఇవాళే తీసేయండి.